ఖాళీకి సీసం పెట్టిన రోజులు

మా రోజుల్లో ఖాళీ అంటే సీసం. రెండు మాటల మధ్య జాగా కావాలంటే ఊరికే వదిలేస్తే వచ్చేది కాదు. అక్షరాల కేసులోంచి ఓ సీసం ముక్క తీసి, లైను కూర్చే స్టిక్‌లో నిలబెట్టాలి. అక్షరం కంటే అది పొట్టిగా ఉంటుంది గనక సిరా అంటదు, కాగితం మీద ఆ మేరకు తెల్లగా మిగులుతుంది. టైపు సైజంత వెడల్పున్న ఎమ్ క్వాడు, అందులో సగం ఎన్ క్వాడు, ఎమ్‌లో మూడోవంతు ముక్క, నాలుగోవంతు ముక్క, ఐదోవంతు ముక్క. వేలికి తగిలితే చాలు, చూడకుండానే ఏది ఏదో చెప్పేవాళ్ళు మా కంపోజిటర్లు. లైను వదులుగా ఉంటే సన్న ముక్క తీసి లావు ముక్క పెట్టేవాళ్ళు. లైను నిండాక స్టిక్ కాస్త వంచినా అక్షరం రాలకూడదు. రాలిందంటే మళ్ళీ ఏరుకోవడం, పైగా ఫోర్‌మన్ చేత చీవాట్లు.

ఇప్పటి పిల్లలకు ఖాళీ అంటే కీబోర్డు మీద పొడుగాటి మీట. అది నొక్కితే ఎంత జాగా వస్తుందో చెప్పమనండి. తెల్లమొహం వేస్తారు. "ఎంతోకొంత వస్తుంది కదా మాస్టారూ" అంటారు. ఆ ఎంతోకొంత దగ్గరే నా గొడవంతా.

నేను ముందు టైపు మాస్టారిని, ఆ తర్వాత ప్రెస్సు మనిషిని, ఆ తర్వాత పేజ్‌మేకర్ ముందు కళ్ళు పోగొట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు ఇంటిపట్టున కూర్చున్నా, పుస్తకం వేసుకునే లెక్చరర్లూ థీసిస్ రాసే పిల్లలూ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తూనే ఉంటారు. వాళ్ళు వాడేది లేటెక్, దాని చుట్టం జీలేటెక్, పుస్తకం పేజీలు కూర్చే ప్రోగ్రాములు. వాటి మీద నాకు చిన్నచూపు లేదు. కంప్యూటర్లవాళ్ళలో ఖాళీ గురించి నిద్ర మానుకుని ఆలోచించిన మనిషి ఎవరైనా ఉన్నాడంటే ఆ డొనాల్డ్ కనూతే. 1977లో తన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రెండో సంపుటం కొత్త కూర్పుకి ప్రూఫులొస్తే, ఆ ఫోటో టైపుసెట్టింగ్ వాలకం చూసి ఒళ్ళు మండి, పుస్తకం పక్కన పెట్టి అక్షరాలు కూర్చే ప్రోగ్రామే రాయడానికి కూర్చున్నాడు. పాత సీసపు అచ్చే నయమని ఆయన బాధ. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు గొణిగితే ఈ లేటెక్‌లకు మూలమైన టెక్ పుట్టింది. నేను గొణిగితే మా ఇంట్లో టీవీ సౌండు పెంచుతారు.

సరే, అసలు విషయం. ఈ వేసవిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కుర్ర లెక్చరరు సీ లాంగ్వేజి ల్యాబ్ మాన్యువల్ పట్టుకొచ్చాడు. వాళ్ళమ్మ మా టైపు ఇన్‌స్టిట్యూట్లోనే హయ్యర్ పరీక్ష పాసయింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు అర్థం కావాలని ప్రోగ్రాముల పక్కన తెలుగులో కామెంట్లు రాశాడు. బుద్ధి మంచిదే. ప్రింటు తీస్తే మాత్రం ఒక్క పేజీ కుదురుగా లేదు. ఒకచోట అక్షరాలు ఎడంగా, పళ్ళూడిన నోరులా ఉన్నాయి. ఇంకోచోట మాటల మధ్య సందు లైను లైనుకీ మారుతోంది. మరోచోట పేరా మధ్యలో ప్రోగ్రాము ముక్క ఉన్న లైను కుడి మార్జిన్ దాటి అంచుదాకా పోయింది. "ఫాంటు బాగాలేదు మాస్టారూ, మారుద్దామా?" అన్నాడు. నా ప్రాణానికి ఇదొకటి. ఏది చెడినా ఫాంటు మార్చడమే. కొలత తీయకుండా మందు రాసే డాక్టర్లు ఎక్కువైపోయారు.

కొలత అంటే ఏమిటో మా టైపు ఇన్‌స్టిట్యూట్లో మొదటి వారంలోనే తెలిసిపోయేది. మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న సత్యనారాయణపురంలో అప్పట్లో సందుకో ఇన్‌స్టిట్యూట్, తెల్లారేసరికి వీధంతా టకటక. 1955లో గోద్రెజ్ వాళ్ళు మన దేశంలోనే టైపుమిషన్లు చేయడం మొదలుపెట్టారు గానీ, మా హాల్లో పాత రెమింగ్టన్లే ఎక్కువ. పైకా మిషను మీద అంగుళానికి పది అక్షరాలు, ఎలైట్ మీద పన్నెండు. చిన్న ఐ కొట్టినా పెద్ద ఎమ్ కొట్టినా కారేజీ ఒక్క మెట్టే జరుగుతుంది. స్పేస్ బార్ కొట్టినా అదే మెట్టు. ఎనిమిదిన్నర అంగుళాల కాగితం మీద పైకాలో 85 మెట్లు. హెడ్డింగు మధ్యలో రావాలంటే అక్షరాలు లెక్కపెట్టు, 85లోంచి తీసెయ్, సగం చెయ్, అక్కడ మొదలుపెట్టు. హయ్యర్ పరీక్షలో స్టేట్‌మెంటు వచ్చేది. నాలుగైదు కాలమ్‌లు, అంకెల కింద అంకెలు, అడుగున మొత్తం. ట్యాబ్ స్టాపులు ముందే లెక్కకట్టి పెట్టుకునేవాళ్ళు పిల్లలు. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడకపోతే ఎగ్జామినర్ ఎర్ర పెన్సిల్ తీసేవాడు. అక్షరాలన్నిటికీ ఒకే వెడల్పు ఎందుకంటే ఇందుకు. అందం కోసం కాదు, కిందా పైనా కలవడం కోసం.

ఆ మిషను వెడల్పే ఇప్పటికీ కంప్యూటర్‌లో కాపురముంటోంది. కొరియర్ అనే ఫాంటుంది కదా, 1950ల్లో ఐబీఎం టైపుమిషన్ల కోసం హోవార్డ్ కెట్లర్ అనే ఆయన గీసింది. అందులో ప్రతి అక్షరం వెడల్పూ సైజులో పదింట ఆరు వంతులు. 12 పాయింట్లలో వేస్తే 7.2 పాయింట్లు. అంగుళానికి 72 పాయింట్లు కదా, భాగిస్తే సరిగ్గా పది. మా పైకా మిషనే! ఈ లెక్క ఆ కుర్రాడికి చెబితే ఫోను తీసి సరిచూసుకున్నాడు. నోటిలెక్క మీద నమ్మకం లేదు వాళ్ళకి.

ఇక పళ్ళూడిన నోరు సంగతి. లేటెక్‌లో ప్రోగ్రాములు అచ్చు వేయడానికి లిస్టింగ్స్ అని ఒక ప్యాకేజీ ఉంది. దాని పద్ధతేమిటంటే, ఫాంటు ఏదైనా సరే, తన గడులు తనే గీసుకుంటుంది. మనం ఏమీ చెప్పకపోతే గడి వెడల్పు 0.6 ఎమ్, అంటే ఫాంటు సైజులో సుమారు పదింట ఆరు వంతులు. కొరియర్‌కు అతికినట్టు సరిపోతుంది. కానీ ఈ అబ్బాయి వాడింది కనూత్ గీసిన టైపురైటర్ ఫాంటు. దానిలో 10 పాయింట్ల సైజుకి ఒక్కో అక్షరం 5.25 పాయింట్లు. గడేమో ఆరు పాయింట్లకు తక్కువుండదు. సన్న మనిషికి లావు మనిషి చొక్కా తొడిగితే ఏమవుతుంది? ప్రతి అక్షరం పక్కనా కొంచెం కొంచెం గాలి చేరి, మాట మొత్తం విడిపోయి కనిపిస్తుంది. తప్పు ఫాంటుదీ కాదు, ప్యాకేజీదీ కాదు. ఒకరి కొలత ఒకరు అడగలేదు, అంతే. కాలమ్స్ అన్నచోట ఫుల్‌ఫ్లెక్సిబుల్ అని పెడితే ప్యాకేజీ తన గడులు మానేసి ఫాంటు గడుల్లోనే నడుస్తుంది. లేదా బేస్‌విడ్త్ అన్నచోట ఆ ఫాంటుకు సరిపోయే అంకె ఇవ్వాలి. కనూత్ ఫాంటుకైతే 0.5 ఎమ్, ఎందుకంటే ఆ ఫాంటులో ఒక ఎమ్ అంటే సరిగ్గా రెండు అక్షరాలు.

ఆ లైను మార్చగానే పేజీ దగ్గరపడింది. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. ఎందుకు దగ్గరపడిందని అడిగితే, "ఫుల్‌ఫ్లెక్సిబుల్ అని పెట్టాం కదండీ" అన్నాడు. ఇదీ వరస. మా ప్రెస్సులో అప్రెంటిస్ కుర్రాడికి ముక్క ఎందుకు మార్చావో చెప్పకపోతే మధ్యాహ్నం టీ ఉండేది కాదు.

రెండో జబ్బు, మాటల మధ్య సందు మారడం. దీని మూలం వేరు. వీడు ప్రోగ్రాముల ఫాంటుని సెట్‌మోనోఫాంట్ అనే ఆజ్ఞతో కాకుండా, మామూలు కొత్త ఫాంటుని తెచ్చుకున్నట్టు న్యూఫాంట్‌ఫ్యామిలీతో తెచ్చుకున్నాడు. మొదటి దారిన వస్తే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ దానికి కొన్ని నియమాలు కడుతుంది. సందు సాగకూడదు, ముడుచుకోకూడదు, మాట విరిచి హైఫన్ పెట్టకూడదు. రెండో దారిన వస్తే ఆ నియమాలేవీ లేవు. ఇంకేముంది, పేరా మధ్యలో ఒక ఆజ్ఞను ఆ ఫాంటులో చూపిస్తే, లైను నింపడానికి మిగతా సందులతోపాటు ఇదీ సాగుతుంది. అక్షరాలేమో సమానంగా ఉంటాయి, సందులేమో తలో తీరుగా ఉంటాయి. పేరుకి మోనోస్పేస్, అంటే అన్నీ ఒకే వెడల్పు; లోపల నేతి బీరకాయ.

ఇక్కడ నాకు ఇంకో ముచ్చట చెప్పాలనిపిస్తుంది. మా ఇంగ్లీషు టైపులో ఫుల్‌స్టాప్ తర్వాత రెండు స్పేసులు కొట్టమని నేర్పేవాళ్ళం. కనూత్ గారి టైపురైటర్ ఫాంటులోనూ అదే ఉంది! మామూలు సందు ఒక అక్షరమంత, వాక్యం చివర ఫుల్‌స్టాప్ పడితే దానికి ఇంకో అక్షరమంత అదనం. సరిగ్గా రెండు మెట్లు. ప్రోగ్రాముని ఉన్నదున్నట్టు అచ్చువేసే వెర్బాటిమ్‌లో పెడితే లేటెక్ ఈ అదనాన్ని తనే ఆపేస్తుంది. కానీ పేరా మధ్యలో టెక్స్ట్‌టీటీ అని రాసిన ముక్కలో ఫుల్‌స్టాప్, దాని తర్వాత ఖాళీ వస్తే రెండు మెట్లూ పడతాయి. కుర్రకారు దాన్ని బగ్గు అంటారు. ఫ్రెంచ్‌స్పేసింగ్ అని ఒక్క మాట రాస్తే పోతుంది. నేనైతే ఉండనిస్తాను. ఎవరో ఒకరు టైపు మాస్టార్లను గుర్తుపెట్టుకున్నందుకు.

కుడి మార్జిన్ దాటిపోయిన లైనుకి మాత్రం సుళువైన చికిత్స నా దగ్గర లేదు. సందు సాగదు, మాట విరగదు, లైను మాత్రం రెండువైపులా సమానంగా రావాలి అంటే ఎట్లా? టైపుమిషనుకి ఆ యావ లేదు. మార్జిన్ దగ్గరపడితే గంట కొట్టేది, మనం చూసుకుని కారేజీ తోసేవాళ్ళం, కుడివైపు ఎగుడుదిగుడుగా ఉండేది, ఎవరికీ కోపం వచ్చేది కాదు. టెక్ కూడా గంట కొడుతుంది, ఓవర్‌ఫుల్ అని లాగ్ ఫైల్లో రాసి. చదివేదెవరు? వాక్యం తిరగరాయమన్నాను. ముఖం ముడుచుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉండగా మనిషి తిరగరాయడమేమిటని వాడి భావం.

ఇంతకంటే పెద్ద మాయ ఇంకోటుంది. ఆ మాన్యువల్ పీడీఎఫ్‌లో చివర రెండు పైథాన్ ప్రోగ్రాములున్నాయి. వాటిని పిల్లలు మౌసుతో ఎంచుకుని కాపీ చేసి మిషనులో పెడితే నడవలేదు. కాగితం మీద చూస్తే అంతా సవ్యంగానే ఉంది. కాపీ చేసినదాన్ని చూస్తే, లైను మొదట్లో ఉండాల్సిన ఖాళీలన్నీ మాయం. పైథాన్‌లో లైను మొదటి ఖాళీ అలంకారం కాదు, దానికి అర్థముంది. ఏ లైను ఏ లైను కిందికి వస్తుందో ఆ ఖాళీయే చెబుతుంది. అది పోతే ప్రోగ్రామే పోయింది.

ఎక్కడికి పోయాయవి? పోవడానికి అసలు లేవు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. టెక్ దృష్టిలో ఖాళీ ఒక అక్షరం కాదు. అక్షరం వేసి, "ఇంత దూరం జరుగు" అని ఒక ఆజ్ఞ ఇచ్చి, తర్వాతి అక్షరం వేస్తుంది. పేజీ మీద ఆ మధ్య ఏమీ లేదు. పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాము ఆ దూరం చూసి, "ఇక్కడ స్పేసు ఉండొచ్చు" అని ఊహిస్తుంది. పేరాల్లో మాటల మధ్య ఊహ చాలావరకు ఫలిస్తుంది. లైను మొదట్లో ఊహించడానికి ఆధారమేదీ? ఎడం పక్క ఏ అక్షరమూ లేదాయె. మా సీసం ముక్కని ఎవడైనా దొంగిలించాలంటే చేత్తో తీయాలి. ఇది గాలి మీద నిలబడ్డ ఖాళీ.

దీనికీ దారి ఉంది. లిస్టింగ్స్‌లో కీప్‌స్పేసెస్ అని ఒక మీట ఉంది. అది వేసి, కాలమ్స్‌ని ఇందాకటిలా ఫుల్‌ఫ్లెక్సిబుల్ చేస్తే కొంత మెరుగు. అంతా మెరుగని చెప్పను, ఏ ప్రోగ్రాముతో పీడీఎఫ్ తెరుస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను చెప్పిన మందు వేరే. ప్రోగ్రాములు విడిగా ఫైళ్ళలో ఇవ్వు, పుస్తకంలోవి చదువుకోవడానికి ఉంచు. లేదా పిల్లల చేత చేత్తో కొట్టించు. చేత్తో కొడితే లైను మొదట్లో నాలుగు ఖాళీలు ఎందుకో వేళ్ళకే తెలుస్తుంది. "ఈ రోజుల్లో ఎవరు కొడతారు మాస్టారూ" అన్నాడు. వాళ్ళమ్మ నిమిషానికి ఎన్ని మాటలు కొట్టేదో ఇంటికెళ్ళి అడగమన్నాను.

కొటేషన్ గుర్తులూ అడ్డగీతలూ కూడా ఇదే కోవ. ఏదో పాత టెంప్లేటు తెచ్చి, అందులో అన్ని ఫాంట్లకీ కలిపి టెక్ లిగేచర్లు పెట్టేశాడు. పుస్తకం మాటలకు అది మంచిదే, రెండు అడ్డగీతలు కొడితే ఒక పొడుగు గీత అవుతుంది. ప్రోగ్రాములో రెండు అడ్డగీతలంటే వేరే అర్థం. అక్కడ కూడా పొడుగు గీత అయిపోయి, ఒక గడి తగ్గి, ఆ లైను మాత్రం పై లైనుతో కలవకుండా ఎడమకు జరిగింది. నిటారుగా ఉండాల్సిన కొటేషన్లు వంకర తిరిగాయి, కాపీ చేస్తే కంపైలర్ తిట్టింది. ఇప్పుడు కొత్తగా ఇంకో సోకు వచ్చింది. ఫిరా కోడ్ లాంటి ఫాంట్లలో 'సమానం కాదు' అని రెండు గుర్తులు కొడితే గణితంలోలా కొట్టేసిన సమాన గుర్తు ఒకటే కనిపిస్తుంది. అవి రెండు గడుల్లోనే ఉంటాయి గనక వరస తప్పవు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ సీ మొదటిసారి నేర్చుకునే పిల్లాడు పుస్తకంలో ఆ గుర్తు చూసి కీబోర్డు మీద వెతుక్కోడూ? మాన్యువల్‌లో దాన్ని పీకించాను.

టైపుమిషను రిపేరు చేసే ఆయన ఒకరు వచ్చేవారు మా ఇన్‌స్టిట్యూట్‌కి, సైకిలు మీద చిన్న తోలు సంచితో. మిషను ముందు కూర్చుని, ఏమైందని అడక్కుండా, ముందు ఒక లైను నిండా చిన్న ఐ కొట్టేవారు. దాని కింద పెద్ద ఎమ్. దాని కింద కొంత అక్షరం, కొంత ఖాళీ. మూడు లైన్ల చివరలూ ఒకచోట ఆగితే కారేజీ బాగున్నట్టు. ఆగకపోతే ఎస్కేప్‌మెంట్ పళ్ళు అరిగినట్టు. ఇప్పటికీ ఇంతకు మించిన పరీక్ష లేదు. ఆ కుర్రాడి చేత అదే చేయించాను. ఐలు పది కొట్టి ఒక నిలువు గీత, ఎమ్‌లు పది కొట్టి ఒక నిలువు గీత, ఖాళీలు పది కొట్టి ఒక నిలువు గీత. గీతలు మూడూ ఒకదాని కింద ఒకటి నిలబడితే ఫాంటు బాగుంది, గొడవ ప్యాకేజీలో ఉందని అర్థం. ఐ, ఎమ్ గీతలు కలిసి, ఖాళీ గీత ఒక్కటే పక్కకు పోతే సందు కొలతలో తేడా. టెక్ ఆ కొలతని ఫాంట్‌డైమెన్ రెండు అనే పేరుతో దాచుకుంటుంది, అడిగితే చెబుతుంది. మూడోది ఎంత సాగగలదో, నాలుగోది ఎంత ముడుచుకోగలదో. టైపురైటర్ ఫాంటుకి ఈ రెండూ సున్నా ఉండాలి. అసలు ఐకీ ఎమ్‌కీ కలవలేదంటే అది మోనోస్పేసే కాదు, దాని పేరులో ఏముంటేనేం. ఇంత చిన్న పరీక్ష ముందే చేస్తే సగం రోజు మిగిలేది. చేయరు. ఎవరో రాసిన పది లైన్లు తెచ్చి అతికిస్తారు, కుదరకపోతే ఇంకో పది లైన్లు తెచ్చి దాని మీద అతికిస్తారు. ఈ మాన్యువల్ మొదట్లో అట్లా పోగైన ప్యాకేజీల చిట్టా ఒక పేజీన్నర ఉంది. సగం తీసేశాను. ఏమీ చెడలేదు.

ఇక తెలుగు. అసలు తలనొప్పి ఇక్కడుంది.

మా రోజుల్లో తెలుగు టైపుమిషను ఉండేది, ఇప్పటివాళ్ళలో చాలామంది చూసి కూడా ఉండరు. ఇంగ్లీషు మిషనులాగే దానికీ ఒకే మెట్టు. తెలుగుకు ఒకే మెట్టు అంటే ఎంత అవస్థో ఆలోచించండి. తలకట్టు పైన, వత్తు కింద, కొమ్ము పక్కన. అందుకని కొన్ని మీటలు డెడ్ కీలు చేశారు. కొడితే గుర్తు పడుతుంది, కారేజీ కదలదు. అట్లా ఒక అక్షరం మీద రెండు మూడు దెబ్బలు వేస్తే గానీ ఒక సంయుక్తాక్షరం రూపు కట్టేది కాదు. అందంగా ఉండేదా అంటే ఉండేది కాదు. సన్నక్షరం చుట్టూ చోటు మిగిలేది, లావక్షరం ఇరుక్కుని నలిగేది. మండలాఫీసు కాగితాలకు అది చాలు. పుస్తకానికి మాత్రం ఎవరూ దాన్ని వాడాలనుకోలేదు. పుస్తకానికి సీసపు అక్షరాలే, కేసులో వందల అరలు, ఏ అక్షరానికి ఎంత ఒళ్ళుంటే అంత చోటు. ఏ పనికి ఏ కొలతో అందరికీ తెలిసిన సంగతే.

ఇప్పుడు ఈ అబ్బాయి ప్రోగ్రాము మధ్యలో తెలుగు కామెంటు పెట్టి, దాని తర్వాత నక్షత్రం గుర్తూ గీతా అన్ని లైన్లలో ఒకదాని కింద ఒకటి రావాలంటాడు. చుట్టూ పెట్టె కట్టినట్టు. ఎట్లా వస్తాయి నాయనా? టెర్మినల్‌లో తెలుగుకి గడులు ఎట్లా లెక్కకడతారో చూడు. యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఒక వర్గం రాసిపెట్టారు. దీర్ఘం, గుడి, ఏత్వం, పొల్లు, ఇవి చోటు తీసుకోని వర్గం. కొమ్ము, సున్న, విసర్గ చోటు తీసుకునే వర్గం. చాలా టెర్మినళ్ళు ఆ వర్గాన్ని చూసి గడులిస్తాయి. దాని ప్రకారం 'రామ'కి రెండు గడులు, 'గురు'కి నాలుగు! 'స్త్రీ' అనేది కంటికి ఒకే అక్షరం, లోపల ఆరు ముక్కలు, గడుల్లో మూడు. తెర మీద గీసే ఫాంటుకేమో ఈ లెక్కతో పనిలేదు, తనకు నచ్చినంత వెడల్పులో గీస్తుంది. ఎడిటర్‌లో స్పేసులు కొట్టి కొట్టి వరస కలిపినవాడికి అచ్చులో వరస తప్పడంలో వింతేముంది?

పైగా లిస్టింగ్స్ ప్యాకేజీ జీలేటెక్‌లో తెలుగును చూస్తే తికమక పడుతుంది. తనకు తెలిసిన ఇంగ్లీషు ముక్కల్ని లోపల పోగుచేసుకుంటూ, తెలియని తెలుగు ముక్కల్ని వెంటనే బయటికి తోసేస్తుంది. ఫలితం, వెనక రావాల్సిన తెలుగు ముందుకొచ్చి కూర్చుంటుంది. కుర్రాడు దీన్ని తన టైపింగ్ పొరపాటనుకుని కామెంట్లన్నీ మళ్ళీ కొట్టాడట, పాపం. వెర్బాటిమ్ కోవకు చెందిన ఫ్యాన్సీవీఆర్‌బీకి మార్చాం, అది లైనుని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. ఇంగ్లీషు మోనో ఫాంటులో తెలుగు అక్షరాలు ఉండవు. ఉండకపోతే జీలేటెక్ వేరే ఫాంటు వెతికి తెచ్చి పెట్టదు, ఆ అక్షరం వేయకుండా లాగ్‌లో 'మిస్సింగ్ క్యారెక్టర్' అని ఒక ముక్క రాసి ఊరుకుంటుంది. అందుకని తెలుగు ముక్కలకు నోటో ఫాంటు అప్పజెప్పి, లిపి తెలుగు అని దానికి ప్రత్యేకంగా చెప్పించాను. ఇక సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య వత్తు పడకుండా ఆపే కనపడని అక్షరం ఒకటుంది. అది కామెంటులో ఉంటే ఉండనీ. ప్రోగ్రాము లోపల చొరబడిందా, ఎక్కడుందో కంటికి కనిపించదు, తప్పు మాత్రం వస్తుంది. వాట్సాప్‌లో పంపుకున్న ప్రోగ్రాముల్లో ఇలాంటి దొంగ ఖాళీలు ఇంకా రకరకాలవి దొరికాయి. ట్యాబులూ అంతే. మా మిషను మీద ట్యాబ్ అంటే ఫలానా మెట్టు దగ్గర ఆగడం. ఇక్కడ ఒకడికి ఎనిమిది, ఒకడికి నాలుగు, మామూలు వెర్బాటిమ్‌లోనైతే ఒకటి.

చివరికి ఆ నక్షత్రాల పెట్టెలు తీసేయించాను. తెలుగు కామెంటుకి దాని సొంత లైను ఇచ్చాం, ప్రోగ్రాముకి పైన. దాని కుడిపక్కన ఏదీ లేదు గనక దేనితోనూ కలవాల్సిన పనిలేదు. అక్షరం తన ఒళ్ళు తను పరుచుకుని హాయిగా ఉంది, కింద ప్రోగ్రాము గడుల్లో బుద్ధిగా ఉంది. తెలుగుకి మోనోస్పేస్ ఫాంటు కావాలని, ఎవరైనా గీస్తే బాగుండునని అప్పుడప్పుడూ కొందరు నా దగ్గర అంటుంటారు. నాకొద్దు. ఆ నలుగుడు టైపుమిషను మీద చూసి చూసి ఉన్నాను. సైన్‌బోర్డు రాసేవాడు కూడా 'స్త్రీ'ని 'ర' అంత సందులో కుక్కడు.

మాన్యువల్ అంతా సరిచేసి, ప్రూఫు ప్రింటు తీసి, స్కేలు పెట్టి కొలిచి, కుర్రాణ్ణి పంపించాను. నిన్న ఫోను చేశాడు. కాలేజీవాళ్ళకి పీడీఎఫ్ పనికిరాదట, వర్డ్ ఫైల్లో కావాలట, అక్కడ వాళ్ళ అటెండరు మార్పులు చేసుకోవాలట. "ఫాంటు ఏది పెట్టమంటారు మాస్టారూ?" అని అడుగుతున్నాడు.